మసి అనుకున్నది

నా ఉద్యోగం ఏమిటని ఎవరైనా అడిగితే దొంగ పటాలు చేస్తానని చెప్పేదాన్ని. అడిగినవాళ్ళు నవ్వి ఊరుకునేవాళ్ళు. అందులో అబద్ధం పెద్దగా లేదు. నిజామాబాద్‌లో బస్టాండు వెనక వీధిలో, మందుల దుకాణం పైన మూడు గదుల్లో ఒక చిన్న శిక్షణ కేంద్రం ఉంది. పాత చిత్రాలను పాడుచేయకుండా పరీక్షించడం ఎలాగో అక్కడ నేర్పుతారు. నేర్చుకోవడానికి వచ్చిన పిల్లల చేతికి మొదటిరోజే తాతలనాటి పటం ఇవ్వరు కదా. వాళ్ళ సాధన కోసమని కొన్ని పలకలు తయారుచేయాలి. ఆ తయారుచేసేదాన్ని నేను.

చెక్క మీద సుద్ద పూత, సుద్ద మీద బొగ్గు గీత, గీత మీద రంగు, రంగు మీద వార్నిష్, వార్నిష్ మీద మసి. ఒక్కోసారి ఒక బొమ్మ వేసి దాన్ని కప్పేసి ఇంకో బొమ్మ వేస్తాను. ఒక్కోసారి మూలకు కావాలనే గీకి, వేరే రంగుతో పూడుస్తాను. ఏ పొరలో ఏముందో నోటుబుక్కులో రాసి బీరువాలో పెట్టి తాళం వేస్తాను. పిల్లలు ఆ పలకను యూవీ లైటు కింద పెట్టి, ఇన్‌ఫ్రారెడ్ కెమెరాతో చూసి, లోపల ఏముందో చెప్పాలి. చివర నా నోటుబుక్కు తీసి సరిపోల్చుకుంటారు. వీటిని మేం నమూనా పలకలు అంటాం.

ఆరేళ్ళు అదే పని చేశాను. వెలుతురు రాకుండా కిటికీలకు నల్లగుడ్డ కొట్టిన గదిలో, ఉక్కపోతలో, ఎవరో ఒకరు తప్పు చేయడానికి వీలుగా పలకలు చేస్తూ కూర్చున్నాను. కాంట్రాక్టు ఉద్యోగం. ఏడాదికోసారి కాగితం వస్తే ఉన్నట్టు, రాకపోతే లేనట్టు. అసలు పటం ఒక్కటి ముట్టుకోనివ్వమని కేంద్రం నడిపే పెద్దసారును ఎన్నిసార్లు అడిగానో. "నీ చెయ్యి మంచిదమ్మా, నీలా పలక చేసేవాళ్ళు దొరకరు" అనేవాడు. ఆ మెచ్చుకోలు వింటే నాకు ఒళ్ళు మండేది. నువ్వు ఈ గదిలోంచి బయటికి రావొద్దు అని అంతకంటే మర్యాదగా ఎవరు చెప్పగలరు?

అలాంటి రోజుల్లో మా ఊరి చర్చి నుంచి కబురొచ్చింది.

మా ఊరు బోధన్ పక్కనే. ఒకప్పుడు చుట్టూ చెరుకే, ఇప్పుడు సగం వరి. అమ్మ ఒక్కతే అక్కడ ఉంటుంది. మేం ఆమెను అవ్వ అనే పిలుస్తాం. చర్చిలో పాస్టరు గారు ప్రసంగించే వేదిక వెనక గోడకు టేకు పలక మీద వేసిన పటం ఒకటి ఉండేది. ఏసు ప్రభువు చెరుకు తోట గట్టు మీద కూర్చుని, చుట్టూ చేరిన పిల్లలకు జొన్నరొట్టె తుంచి పెడుతుంటాడు. ప్రభువు ముఖం నల్లగా ఉండేది. చామనఛాయ కాదు, నలుపే.

ఆ పటం గురించి మా ఊళ్ళో రెండు మాటలుండేవి. ఊరంతా చెప్పేది ఒకటి: వెనకటికి ఇక్కడ కొన్నాళ్ళున్న ఒక దొర, తన దేశం నుంచి రేకుపెట్టెలో తెచ్చుకున్న ఆయిల్ రంగులతో ఆ పటం వేసి వెళ్ళిపోయాడని. ప్రభువు ముఖం మొదట తెల్లగానే ఉండేదని, ఏళ్ళ తరబడి కొవ్వొత్తుల మసి పట్టి నల్లబడిందని. అవ్వ ఒక్కతే చెప్పేది ఇంకొకటి. ఆ పటం తన బాపు, అంటే మా తాత, వేశాడని.

అవ్వ వాళ్ళ బాపు చెరుకు బండ్ల పలకలకు రంగులు వేసేవాడు. పూలు, నెమళ్ళు, లతలు. అవ్వ ప్రతి క్రిస్మస్‌కూ అదే కథ ఎత్తుకునేది.

"దొర కుర్సీల కూసోని సెప్పిండు, మా బాపు ఏసిండు. ముఖం ఏసేటప్పుడు దొర అడిగిండట, గింత నల్లగెందుకు ఏస్తున్నవని. ఎండల తిరిగేటోడు తెల్లగెట్ల ఉంటడు దొరా, అన్నడట మా బాపు. బండి గతుకులల్ల ఊగితే రంగు పెచ్చులూడకుండ తుమ్మబంకల బెల్లంపాకం కలుపుతుండె. గా గిన్నె అంచు నాకింది నేనే గద!"

అవ్వ మొదలుపెట్టగానే వెనక వరుసలో ఆడవాళ్ళు ఒకళ్ళనొకళ్ళు మోచేత్తో పొడుచుకునేవాళ్ళు. బండ్లకు రంగులు వేసేవాడు ప్రభువును వేస్తాడా? చిన్నప్పుడు నాకు సిగ్గుతో తల కొట్టేసినట్టుండేది. పెద్దయ్యాక సిగ్గు పోయింది కానీ నమ్మకం రాలేదు. పైగా ఈ చదువు చదివిన తర్వాత, ఆ మెరుపు, ఆ పసుపురంగు వార్నిష్ చూసి, ఆయిల్ పెయింటే అని నేనే ఊరివాళ్ళకు చెప్పాను. ఆరోజు అన్నం పెట్టేటప్పుడు అవ్వ కూర గిన్నె నా ముందు కొంచెం గట్టిగా పెట్టింది.

చర్చి వార్షికోత్సవం దగ్గరికొచ్చింది. కమిటీ పెద్ద, నాకు వరసకు పెద్దబాపు అవుతాడు, ఫోన్ చేశాడు.

"ప్రభువు ముఖం పూరా నల్లగైంది బిడ్డా. మసి గంత పట్టింది. నువ్వు గిదే సదువు సదివినవు గద, జర సాఫ్ చేసియ్యి."

నా నెత్తిన పాలు పోసినట్టయింది. పెద్దసారు కూడా ఒప్పుకున్నాడు. "నీ బాధ్యత మీద చేసుకో. పని బాగా వస్తే నీ పర్మినెంటు గురించి పైకి రాస్తాను" అన్నాడు. పటాన్ని బొంతలో చుట్టి, ఆటో ట్రాలీలో నిజామాబాద్‌కు తెచ్చుకున్నాను. దారిపొడవునా దాని మీద ఒక చెయ్యి వేసే కూర్చున్నాను.

మా పనిలో ఒక పద్ధతి ఉంది. అసలుదాన్ని ముట్టుకునే ముందు దానికి తోబుట్టువులాంటి నమూనా పలక చేసుకోవాలి. అసలు పటంలో ఏయే పొరలున్నాయని అనుకుంటున్నామో ఆ పొరలే దాంట్లో పెట్టి, దాని మీద చెయ్యి సాధించుకోవాలి. నవీపేట్‌లో బండ్లు చేసే ఒక వడ్లాయన దగ్గర విప్పేసిన బండి పలక దొరికింది, అదే టేకు, అదే కొలత. సుద్ద పట్టించాను. బొగ్గుతో గీశాను. ఆయిల్ రంగులు వేశాను. డాబా మీద నెలరోజులు ఎండబెట్టాను. వార్నిష్ కొట్టి మళ్ళీ ఎండబెట్టాను. ఆ చెరుకు ఆకులు, పిల్లల చేతులు, రొట్టె తుంపు, అన్నీ దింపేసరికి నా కళ్ళు లోపలికి పోయాయి. ప్రభువు ముఖం తెల్లగా వేశాను. దొర వేసిన ముఖం తెల్లగానే కదా ఉండాలి? మసి పట్టాక దాని మీదే ఎవరో వార్నిష్ కొట్టి ఉంటారని, వార్నిష్‌కు ముందే ఆ తెల్లముఖం మీద కొవ్వొత్తి మసి పట్టించి నల్లగా చేశాను.

ఇప్పుడు చెప్పడం సులువు. నేను నమ్మినదాన్నే పలక మీద పెట్టి, ఆ పలకనే సాక్ష్యం అడిగాను.

మూడు వారాలు దాని మీద సాధన చేశాను. పుల్లకు దూది చుట్టి, మందులో తడిపి, దొర్లిస్తూ వార్నిష్ తీయడం, తర్వాత తడి దూదితో మసి తీయడం. మసి కిందినుంచి తెల్లముఖం తేటగా బయటికొచ్చింది. శిక్షణకు వచ్చిన పిల్లలు చుట్టూ చేరి చప్పట్లు కొట్టారు. నాకు గర్వంగానే ఉంది, దాచుకోవడమెందుకు.

శుభ్రం చేయకముందే రెండు పలకలను పక్కపక్కన పెట్టి ఇన్‌ఫ్రారెడ్ కెమెరాతో ఫొటోలు తీశాను. మసి ఆ కెమెరాకు నల్లగానే కనపడుతుంది. మట్టితో చేసిన రంగయితే చాలావరకు తేలిపోతుంది. ఈ ముక్క ఏటా పిల్లలకు నేనే చెబుతాను. నా పలకలో ముఖం నల్లగా వచ్చింది. అసలు పటంలో ముఖం పాలిపోయి, కింద బొగ్గు గీతలు చక్కగా కనపడ్డాయి. అంటే అక్కడ మసి లేదు. నమూనా పలక ఎందుకు చేస్తామో, అందుకే అది పనికొచ్చింది. ఇక ఆగు అని చెప్పింది. నేను నోటుబుక్కులో "కెమెరా సరిగా లేదు, మళ్ళీ చూడాలి" అని రాసుకున్నాను. మళ్ళీ చూడలేదు. అవతల పెద్దబాపు రోజుకోసారి ఫోన్ చేస్తున్నాడు, ఇవతల పెద్దసారు పైకి రాయడానికి కలం పట్టుకుని కూర్చున్నాడు. నాకు ఆ ఫొటో చెప్పే మాట అక్కర్లేకపోయింది.

పటం అంచున నీలం పట్టీ మీద తడి దూది పెట్టి చూశాను. బంకతో కలిపిన రంగయితే తడికి కరిగి రావాలి, కొంచెం కూడా రాలేదు. ఆయిలే అని ఖాయం చేసుకున్నాను. ఆ పట్టీని ఎప్పుడో తలుపులకు రంగు వేసినప్పుడు మిగిలిన ఎనామిల్ పెయింటుతో మళ్ళీ దిద్దారని తర్వాత తెలిసింది.

ఎండాకాలం, మధ్యాహ్నం. దుమ్ము లేవకుండా ఫ్యాను ఆపేశాను. ఎవరూ రాకుండా తలుపు గడియ పెట్టుకున్నాను. కిటికీల మీద నల్లగుడ్డ, నెత్తి మీద ఒక్క లైటు. చెమట పటం మీద పడకుండా నుదుటికి చున్నీ కట్టుకున్నాను. బుగ్గ దగ్గర వార్నిష్ తేలిగ్గా వచ్చింది. తడి దూది దొర్లించాను. దూది గోధుమరంగుకు తిరిగింది. ఇంకోటి దొర్లించాను. ఇంకా ముదురుగా వచ్చింది. అరవై ఏళ్ళ మసి అనుకున్నాను. దాని కింద తెలుపు కనపడింది.

ఆ తెలుపు చూసినప్పుడు నాకు కలిగిన సంతోషం గురించి రాయకపోతే ఈ రాయడమే దండగ. ఆరేళ్ళ గదిలోంచి బయటపడ్డాననుకున్నాను. బుగ్గ, నుదురు, ముక్కు, గడ్డం. ఒకదాని తర్వాత ఒకటి పద్నాలుగు పుల్లలు వాడాను. పుల్లలకు నంబర్లు వేసి పళ్ళెంలో పెడుతూనే ఉన్నాను. ఇక కన్ను వస్తుందని చూశాను. కన్ను రాలేదు. నోరు వస్తుందని చూశాను. నోరు లేదు. తెలుపు ఒక్కటే ఉంది. అది ముఖం కాదు, సుద్ద.

గడియ తీయడానికి కూడా లేవలేకపోయాను. ఒక చెవి, మెడ కొంచెం మిగిలాయి. మిగతాదంతా పళ్ళెంలో దూది మీద ఉంది.

మర్నాడు పొద్దున తలుపు తీస్తే పళ్ళెం నిండా చీమలు. పద్నాలుగు పుల్లలకూ పట్టాయి. గోడ మూల నుంచి బల్లకాలు దాకా వరుస కట్టి వస్తున్నాయి. ఆయిల్ పెయింటుకు చీమలు రావు. ఏ దొర రేకుపెట్టెలోని రంగుకూ రావు. తుమ్మబంకలో బెల్లంపాకం కలిపిన రంగుకు వస్తాయి. వార్నిష్ కప్పి ఉన్నన్నాళ్ళూ వాటికి అందలేదు, నేను తీసి పళ్ళెంలో పెట్టాను.

అవ్వ చెప్పింది నిజం. ఆ నలుపు మసి కాదు, అవ్వ వాళ్ళ బాపు వేసిన రంగు. చెరుకు బండ్లకు రంగులేసే మనిషి, ఎండలో తిరిగేవాడు తెల్లగా ఎట్లుంటాడని దొరనే అడిగిన మనిషి, చేతులారా వేసిన ముఖం. అవ్వను ఊరంతా అబద్ధాలకోరు అన్న మాటను కొట్టిపారేసే రుజువు లోకం మొత్తంలో నా ఒక్కదాని దగ్గరే ఉంది. అది ఎవరికైనా చూపించాలంటే ముందు ఆ ముఖం ఎక్కడికి పోయిందో చెప్పాలి. బల్ల ముందు కూర్చుని ఆ చీమల వరుసను చూస్తూ ఏడ్చాను. అవ్వ కోసం ఏడ్చానా, నా ఉద్యోగం కోసం ఏడ్చానా అంటే, సగం సగం అని చెప్పడం కూడా నాకు నేను చేసుకునే దయే.

చెబుదామనే అనుకున్నాను. ఈరోజు కాదు రేపు, రేపు కాదు ఆదివారం అనుకుంటూ నాలుగు రోజులు గడిపాను. అయిదో రోజు పెద్దబాపు చెప్పాపెట్టకుండా ఆటో ట్రాలీతో వచ్చాడు. అసలు పటం బీరువా వెనక బొంతలో ఉంది. బల్ల మీద గోడకు ఆనించి ఉన్నది నా నమూనా పలక, మసి తీసిన తెల్లముఖంతో. ఆయన గడపలోనే చెప్పులు విడిచి రెండు చేతులూ జోడించాడు.

"ప్రభువా! ఎంత తేటగైనవయ్యా!" అన్నాడు. ఆయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "బిడ్డా, మా తాత సూసిన ముఖం గిదే. నువ్వు సల్లగుండాలె."

ఇది కాదు పెద్దబాపూ, అనాలి. రెండే మాటలు. నోటిదాకా వచ్చాయి. ఆయన అప్పటికే డ్రైవర్‌ను పిలిచి పలకకు దుప్పటి చుడుతున్నాడు. నేను ఒక అంచు పట్టుకుని మెట్లు దిగాను. అవును, నేనే పట్టుకుని దింపాను.

ఆదివారం చర్చి కిక్కిరిసింది. తెల్లముఖం ప్రభువు గోడ మీద ఉన్నాడు. పాస్టరు గారు ప్రార్థనలో నా పేరు పెట్టి దేవునికి స్తోత్రం చెప్పారు. అవ్వ ఎప్పటిలాగే ముందు చాప మీద కూర్చుంది. ఆరాధన అయిపోయాక లేచి, మెల్లగా నడిచి పటం దగ్గరికి పోయింది. చాలాసేపు చూసింది. రొట్టె చూసింది, చెరుకు ఆకు చూసింది, ముఖం చూసింది. అందరూ ఆమె కథ మొదలవుతుందనుకుని నవ్వడానికి సిద్ధంగా ఉన్నారు. అవ్వ పాస్టరు గారి వైపు తిరిగింది.

"అయ్యగారూ, నన్ను మాఫ్ చెయ్యుండ్రి. గిన్నేండ్ల సంది నేను తప్పు సెప్పిన. మా బాపు తెల్లముఖం ఏసిందే లేదు. మసి కింద గింత తెల్లగుంటే గిది మా బాపు సెయ్యి కాదు. సిన్నపోరిని గద అప్పుడు, ఇంకేదో సూసి ఇదే అనుకున్ననేమో."

నవ్వినవాళ్ళు మంచిగానే నవ్వారు. "పోనీ తియ్యవ్వా, ఇప్పటికన్న ఎరుకైంది" అని ఎవరో భుజం తట్టారు. అవ్వ కూడా నవ్వింది. ఆ నవ్వు నేను ఇంతకుముందు ఆమె ముఖంలో చూడలేదు. ఎవరిదో వస్తువు తనదని ఇన్నాళ్ళూ వాడుకుని, తిరిగి ఇచ్చేసిన మనిషిలా ఉంది.

ఇంటికి వెళ్ళగానే తలుపు దగ్గరేసి మొత్తం చెప్పేశాను. చీమల దాకా చెప్పాను. అవ్వ మంచం పట్టె మీద కూర్చుని వింది. నేను ఏడుస్తుంటే ఊరుకోబెట్టలేదు. అయిపోయాక అడిగింది.

"పూరా పోయిందా?"

"ఒక చెవి ఉన్నది అవ్వా. మెడ జరంత."

"చెవుకు పోగు ఉన్నదా?"

ఉంది. చిన్న చుక్కలా పోగు ఉంది. మసిలో పడ్డ నలుసనుకున్నాను నేను. తల ఊపాను.

"మా బాపు చెవుకు ఉండె గా పోగు" అంది అవ్వ. చెంగుతో కళ్ళు ఒత్తుకుంది, అంతే. నేను ఆమె కాళ్ళ దగ్గర కూర్చున్నాను. వచ్చే ఆదివారం అందరి ముందు చెప్పేస్తానన్నాను. నా జుట్టు పట్టి తల పైకి లేపింది.

"పిచ్చి లేసిందా నీకు? నౌకరి పోతది. పెద్దబాపు ముఖం ఎట్ల సూస్తవు? నన్నంటరా, అననీ. అలవాటే నాకు. నువ్వు నోరు తెరిస్తే నా మీద ఒట్టే."

నేను కోపిష్టిదాన్ని. చిన్నదానికీ పెద్దదానికీ అవ్వతో పోట్లాడతాను. ఆరోజు మాత్రం ఒక్క మాట ఎదురు చెప్పలేదు. ఒట్టు పెట్టినందుకు లోలోపల ఎక్కడో ఊపిరి కూడా తీసుకున్నాను. ఆ ఊపిరిని ఈరోజుకీ క్షమించుకోలేదు.

పెద్దసారు పైకి రాశాడు. పర్మినెంటు కాగితం వచ్చింది. ఇప్పుడు ఆ గది పూర్తిగా నాదే, నల్లగుడ్డలతో సహా. నా పలకకు ముందూ వెనకా తీసిన ఫొటోలు రెండూ, అసలు పటానివే అనుకుని, కేంద్రంలో గోడకు అంటించారు. వచ్చిన ప్రతి జట్టుకూ పెద్దసారు వాటిని చూపిస్తూ, "పని అంటే ఇదీ" అని చెబుతాడు. ఆ గోడకు ఎదురుగానే నా కుర్చీ.

వార్షికోత్సవం నాడు షామియానా వేశారు. పక్క ఊళ్ళ నుంచీ బోధన్ నుంచీ జనం వచ్చారు. పాస్టరు గారు నన్ను ముందుకు పిలిచి శాలువా కప్పి, మైకు నా చేతికిచ్చారు.

"ఇన్నాళ్ళూ ఒక చిన్న అనుమానం ఉండేదమ్మా" అన్నారాయన నవ్వుతూ. "సైన్సు ప్రకారం పరీక్ష చేసినవు కదా. నువ్వే చెప్పు. ఈ పటం మీద ఉన్నది ఆయిల్ పెయింటేనా?"

షామియానా కింద అంతా నా వైపు చూశారు. ముందు వరుసలో అవ్వ కొత్త చీర కట్టుకుని కూర్చుని ఉంది. నా వైపు చూడకుండా, ఒళ్ళో చేతుల వైపు చూసుకుంటోంది. నేను వెనక్కి తిరిగి, తెరిచి ఉన్న చర్చి తలుపులోంచి గోడ మీది పలకను ఒకసారి చూశాను. అది నేను చేసిన పలక. దాని పొరలు నాకంటే బాగా ఎవరికి తెలుసు?

"ఆయిల్ పెయింటే అయ్యగారూ" అన్నాను.

అందరికంటే ముందు చప్పట్లు కొట్టింది అవ్వ.